తీసివేయని కదలిక

ప్రమీలకు మొగుడి మీద అనుమానం పుట్టించింది ఊళ్ళోవాళ్ళు కాదు. ఆమె లెక్కే పుట్టించింది. ఎవరైనా వచ్చి చెవిలో ఊది ఉంటే గిట్టనివాళ్ళ మాటలని తోసిపారేసేది. తను రాసిన లెక్క, దేశదేశాలవాళ్ళు భేష్ అన్న లెక్క, తన మొగుడి మీదే చాడీ చెప్తే ఇక ఎవరితో మొరపెట్టుకోవాలి?

కదిరికి అవతల కొండల మధ్య లోయలో ఒక రేడియో టెలిస్కోపు ఉంది. ప్రమీల అక్కడ శాస్త్రవేత్త. ఆమె పనల్లా పల్సర్లతోనే. పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే ముద్దను పల్సర్ అంటారు. ఒక ఊరంత వెడల్పు, సూర్యుణ్ణి మించిన బరువు. బొంగరంలా గిర్రున తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ మనవైపు ఒక రేడియో చప్పుడు విసురుతుంది. ఆ చప్పుళ్ళు ఎంత నికరంగా వస్తాయంటే, వాటిని చూసి గడియారాలు సరిచేసుకోవచ్చు. ఎప్పుడైనా చప్పుడు రవ్వంత ముందొచ్చి, ఆ తర్వాత రవ్వంత ఆలస్యమైందంటే పక్కన ఏదో ఉన్నట్టు లెక్క. కంటికి కనబడని గ్రహమో, చిన్నపాటి తోడు నక్షత్రమో దాన్ని అటూ ఇటూ లాగుతోందన్నమాట. అలాంటి కనబడని తోడును పట్టుకోవడానికి ప్రమీల రాసిన ప్రోగ్రాము పేరు 'జాడ'.

లోయలో కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజు టీ చేతికిచ్చి ఆమె ఒక కథ చెప్పేది. వెనకటికి విదేశంలో ఒక బృందం పల్సర్ చుట్టూ గ్రహం దొరికిందని చాటింది. తీరా చూస్తే, మన భూమి సూర్యుడి చుట్టూ తిరిగే కదలికను వాళ్ళు లెక్కలోంచి సరిగా తీసెయ్యలేదు. గ్రహమూ లేదు, గిహమూ లేదు. వాళ్ళు చూసింది తమ కదలికనే. పాపం, నలుగురిలో నిలబడి తప్పు ఒప్పుకున్నారు. "అందుకని ఎదుటిదాని వంకర వెతికేముందు నీ కదలిక తీసెయ్యి" అని ముగించి, కప్పులు కడిగించేది.

నక్షత్రాలు మన గడియారాన్ని ఖాతరు చెయ్యవు. ఇవాళ నడినెత్తికి వచ్చిన నక్షత్రం రేపు నాలుగు నిమిషాలు ముందే వస్తుంది. లోయలోకి జొరబడే దొంగ చప్పుళ్ళను పట్టేది కూడా ఆ తేడాతోనే. రోజూ అదే వేళకు వచ్చిందంటే అది ఏ పొలం మోటారో, ఎవరింటి మిక్సీయో. నాలుగేసి నిమిషాలు ముందుకు జరుగుతూ వచ్చిందంటే అది ఆకాశానిది. దాంతో ప్రమీల డ్యూటీ కూడా జరిగేది, కొన్ని నెలలు పొద్దున, కొన్ని నెలలు సాయంత్రం. డ్యూటీ ఉన్న వారం లోయలోనే మకాం. ఫోను చప్పుడు కూడా టెలిస్కోపులో పడుతుందని గేటు దగ్గరే దాన్ని ఇచ్చేసి లోపలికి వెళ్తే, మళ్ళీ బయటికొచ్చేదాకా మంచికీ చెడుకీ కబురుండదు.

ఆమె భర్త ఓబులేసు ఊళ్ళో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఒకప్పుడు రాష్ట్రస్థాయిలో పరుగుపందెం గెలిచిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, తొందర తెలియదు. ఆమె పల్సర్ మీద అతనికి వేళాకోళం ఎక్కువ. అది తన తోడు నక్షత్రాన్ని తానే వేడిగాలితో కాల్చి కరిగించే రకం. మగసాలీడును తినేసే ఆడసాలీడు పేరు పెట్టారు వాటికి. ఆ సంగతి ప్రమీల చెప్పిన రోజు అతను చాలాసేపు నవ్వి, అన్నం తినబోతూ మళ్ళీ నవ్వాడు. ఆమె సంచి సర్దుకునేటప్పుడు మాత్రం ఒకటే మాట.

"పో, పో. మీ ఆయన నెత్తిమీదికొచ్చే టైమైంది. ఆడోళ్ళకైతే సవతి అని ఒక మాటన్నా ఉండాది. నా కతకు మాట కూడా ల్యా."

కడియం ఆలోచన ఇక్బాల్‌ది. లోయలో ఎలక్ట్రానిక్స్ చూసే ఇంజనీరు అతను. పల్సర్ చప్పుడును అంత సూక్ష్మంగా కొలిచే గడియారం ఉన్నప్పుడు దాన్ని గుండె చప్పుడుకు పెడితే ఏం పోయిందన్నాడు. చేతికి తొడుక్కునే వెండి రంగు కడియం చేశాడు. అది ప్రతి గుండె చప్పుడునూ పట్టి దాచుకుంటుంది. తర్వాత దాన్ని కంప్యూటరుకు తగిలిస్తే, నడకను, ఊపిరిని, తిండిని, నిద్రను ఒక్కొక్కటిగా 'జాడ' తీసేస్తుంది. అన్నీ తీసేశాక మిగిలేదాన్లో గుండెజబ్బు ముందే కనబడుతుందని వాళ్ళ ఆశ.

కనబడింది వేరే. ఆసుపత్రిలో ఒక బాలింతకు కడియం తొడిగితే, వేరే గదిలో ఉంచిన పసిబిడ్డ నిద్రలేచే వేళలకు ఆమె గుండె ముందుకు జరిగి వెనక్కి వచ్చింది. బిడ్డ ఏడుపు ఆమెకు వినబడే దూరం కాదు. ఒక ముసలాయన గుండెలో సందెవేళ ఒక లాగుడు కనబడింది. ఆరా తీస్తే, అది ఆయన భార్య చేను నుంచి ఇంటికి చేరే వేళ. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మనుషులు కూడా ఒకరినొకరు లాగుతారని, దూరంగా ఉన్నా, లేకుండా పోయినా లాగుతారని మొదటిసారి లెక్కకు అందింది. పత్రికలవాళ్ళు ఎగబడ్డారు. పెళ్ళిసంబంధాలు చూసేవాళ్ళు, మొగుళ్ళ మీద కన్నేసిన పెళ్ళాలు, పెళ్ళాల మీద కన్నేసిన మొగుళ్ళు కడియం ఎప్పుడు అమ్మకానికొస్తుందని ఫోన్లు చేశారు. అనంతపురంలో జరిగిన సభలో ప్రమీల గట్టిగా చెప్పింది. ఈ లాగుడు ఎవరో ఉన్నారని మాత్రమే చెప్తుంది, ఎవరో చెప్పదు, ఎందుకో చెప్పదు, దీన్ని పట్టుకుని ఇళ్ళు కూల్చుకోకండి అని. జనం చప్పట్లు కొట్టారు. చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు లోకువన్నట్టు ఆమె కూడా ఆ మాటను వేదిక మీదే వదిలేసి వచ్చింది.

పోల్చి చూసుకోవడానికి ఒక ఆరోగ్యమైన గుండె కావాల్సి వచ్చి ఓబులేసుకు తొడిగింది. నిదానమైన, నికరమైన గుండె. 'నా ఇంటి పల్సర్' అని ఇక్బాల్ దగ్గర గొప్పలు కూడా పోయింది.

జులై నెల చప్పుళ్ళు తగిలించి చూస్తే, అన్నీ తీసేశాక ఒక లాగుడు మిగిలింది. గుండె కాస్త బిగుసుకుని, గంటసేపు అలాగే ఉండి, మెల్లగా సడలుతోంది. ఎవరో దగ్గరికొచ్చి వెళ్ళినట్టే ఉంది. ప్రమీల కాఫీ పక్కనబెట్టి తారీఖులు చూసింది. తను ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ లాగుడు లేదు. తను లోయకు వెళ్ళిన రోజుల్లోనే ఉంది, ఒక్కరోజు తప్పకుండా.

ఆమె మళ్ళీ లెక్క వేసింది. లెక్క మారలేదు. అది ఆమె లెక్క, ఎలా మారుతుంది?

ఆగస్టులో చూసింది, సెప్టెంబరులో చూసింది. మొదట సాయంత్రం అయిదింటి ప్రాంతంలో వచ్చిన లాగుడు రోజురోజుకీ కాస్త కాస్త జరిగి మధ్యాహ్నం వేళకు వచ్చింది. ఎవరికీ పట్టుబడకుండా వేళలు మార్చుకుంటున్నారు, ఎంత నేర్పు అనుకుంది. అలా అనుకున్నాక ఇక వెతకడానికి దూరం పోనక్కర్లేకపోయింది. బడిలో ఖోఖో నేర్పడానికి ఆ ఏడే సుగుణ అనే అమ్మాయి వచ్చింది. ధర్మవరం పిల్ల, పెళ్ళి కాలేదు. జులైలో ఆటల ప్రాక్టీసు బడి వదిలాక జరిగేది. పోటీలు దగ్గరపడటంతో సెప్టెంబరులో అన్నాలయ్యాక మొదలుపెడుతున్నారు. లాగుడు జరిగిన దారీ, ప్రాక్టీసు జరిగిన దారీ ఒకటే. ఇంకేం కావాలి?

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. అది పట్టిన మనిషికి అన్నీ సాక్ష్యాలే. ఓబులేసు చొక్కా ఉతకడానికి వేసేముందు ప్రమీల వాసన చూసింది. చెమట, సున్నం, మైదానం దుమ్ము తప్ప ఏమీ లేదు. ఏమీ లేకపోవడం మీద కూడా ఆమెకు అనుమానం వచ్చింది. ఒకరోజు పిల్లలకు అరటిపళ్ళ వంక పెట్టుకుని మైదానానికి వెళ్ళింది. సుగుణ నవ్వుతూ నీళ్ళ సీసా అందిస్తే, ఓబులేసు పైకెత్తి గొంతులో పోసుకున్నాడు. పెదవికి ఆనించలేదు. ఆనించకుండా తాగడమే ఆమెకు పెద్ద నేరంగా కనబడింది. నేను చూస్తున్నానని కదా ఆ జాగ్రత్త! ఆ పిల్ల నవ్వు, ఆ పిల్ల పరుగు, పరికిణీల మధ్య ట్రాక్‌ప్యాంటు వేసుకుని ఈలవేసే ఆ ధైర్యం, అన్నిటినీ చూసి ప్రమీల కుళ్ళిపోయింది. తను పరిగెత్తలేదు. తను కుర్చీలో కూర్చుని చచ్చిన నక్షత్రాల చప్పుళ్ళు వింటుంది. అలాంటి పెళ్ళాం దగ్గర ఏ గుండె మాత్రం ముందుకు జరుగుతుంది?

మొగుణ్ణి అడగలేదు. అడిగితే లేదంటాడని భయం, ఔనంటాడని ఇంకా భయం. ఆ వారం లోయనుంచి తిరిగొస్తూ, ఇంటికి కూడా వెళ్ళకుండా, గేటు దగ్గర తీసుకున్న ఫోను చేతిలో పట్టుకునే బడికి వెళ్ళింది. ఉపాధ్యాయుల గదిలో అందరూ ఉండగా సుగుణను నిలబెట్టి, తను లేని రోజుల్లో, ఆటల వేళ ఆ గంటసేపు తన మొగుడితో నీకేం పనని అడిగింది. కడియం పేరు కూడా చెప్పింది. యంత్రం అబద్ధమాడదని చెప్పింది.

సుగుణ ఏడవకుండా నిలదొక్కుకుని అంది.

"అక్కా, ఆ గంటలో సారు నాతోనే కాదు, ఎవురితోనూ మాట్లాడడు."

నేర్పించిన మాట అనుకుంది ప్రమీల. హెడ్మిస్ట్రెస్ కల్పించుకుని ఇద్దరినీ పంపించేసింది. పెళ్ళికావాల్సిన పిల్ల మీద నలుగురిలో పడిన మాట ఊరికే పోదు. వారం తిరక్కుండా సుగుణ హిందూపురానికి బదిలీ పెట్టుకుంది. పోటీలు ముంగిట పెట్టుకుని ఖోఖో పిల్లలు దిక్కులు చూశారు.

బడిలో గొడవ జరిగిన సాయంత్రమే ఓబులేసు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ప్రమీల పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. అతను అరుస్తాడని ఎదురుచూసింది. అరిచి ఉంటే బాగుండేది. చేతి కడియం తీసి, చెనిక్కాయల డబ్బా పక్కన పెట్టాడు.

"నా గుండెకాయ తీసి నీ చేతికిస్తి. దాన్ని సదివి నువ్వు నన్ను అడగల్యా. ఊరిని అడిగితివి."

"అడిగితే నిజం చెప్పేవాడివా?"

"ఆ లాగుడు యాడిదో నీ మిషన్నే అడుగు పో."

రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని బడి క్రీడాహాస్టల్లో వార్డెన్ గదికి వెళ్ళిపోయాడు. సంగటి అడుగంటింది. ప్రమీల ఆ రాత్రి ఏడ్చింది గానీ, ఆ ఏడుపులో కూడా పైచేయి తనదే అన్న కసి ఉంది. తప్పు చేసినవాడే కదా ఇల్లు వదిలి పోయేది అనుకుంది.

అక్టోబరులో లోయకు వెళ్ళింది. ఇక్బాల్ కడియాల చప్పుళ్ళన్నీ పేర్లు లేకుండా ముందేసుకుని కూర్చున్నాడు. ఎవరివో తెలియకూడదని నియమం. ఒకదాన్ని చూసి నొచ్చుకుంటూ ఆమెను పిలిచాడు. దీన్ని లెక్కలోంచి తీసెయ్యాలి మేడమ్, చెడిపోయింది అన్నాడు.

ప్రమీల తెరవైపు చూసింది. ఆ గీతను ఆమె నిద్రలోనైనా పోల్చుకోగలదు. ఏం చెడిందని అడిగింది.

"ఇది మనిషి వేళ కాదు మేడమ్. చూడండి, రోజూ నాలుగు నిమిషాలు ముందుకొస్తాంది. నక్షత్రాల వేళ. మన టెలిస్కోపు డిష్ లోంచి ఏదో కారి కడియంలో పడినట్టుంది."

ఇక్బాల్ తన ధోరణిలో తను చెప్పుకుపోయాడు. సరిగ్గా మన సాలీడు పల్సర్ నడినెత్తికి వచ్చే వేళ అంట. జులైలో సాయంత్రం, సెప్టెంబరులో మధ్యాహ్నం, అచ్చు మన డ్యూటీ చార్టే అంట. ఈ భూమ్మీద నక్షత్రాల వేళకు బతికేవాళ్ళు మనం తప్ప ఎవరున్నారని నవ్వాడు.

ఏ పొలం మోటారు చప్పుడైనా ఇలా జరిగి ఉంటే ఆమె చిటికెలో పట్టేసేది. కొత్తగా చేరిన పిల్లలు సైతం పట్టేవాళ్ళు. నడకను తీసేసింది, ఊపిరిని తీసేసింది, తిండిని తీసేసింది. తనను తీసెయ్యలేదు. తను లోయకు పోవడం, కుర్చీలో కూర్చోవడం, డిష్‌ను పైకి తిప్పడం ఏదీ తీసెయ్యకుండా, మిగిలినదానికి సుగుణ పేరు పెట్టింది. ఇన్నాళ్ళూ తను కుళ్ళుకున్నది తన మీదే. టీ కప్పు పట్టుకుని ఎంతమందికి చెప్పిందో ఆ కథ! ప్రమీలకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు అడుగున, చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేంత సంతోషం ఒకటి పొంగింది. అతని గుండెను లాగినది తనే.

అనుమతి తీసుకుని మధ్యాహ్నం బస్సుకే కదిరి వచ్చింది. మైదానంలో ఓబులేసు ఒక్కడే సున్నంతో గీతలు వేస్తున్నాడు. హిందూపురానికి ఫోన్ చేసి సుగుణ కాళ్ళు పట్టుకుంటానని, హెడ్మిస్ట్రెస్ ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటానని, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పింది. అతను సున్నం చేతులు దులుపుకుంటూ విన్నాడు. మంచిది, ముందా పని చెయ్యమన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు నువ్వు?" అని అడిగింది ప్రమీల.

"ఏమని చెప్పేది? ఆ యేడు పిడుగు పడింది సూడు, లోయలో. నీ నక్షత్రం పైనుండే టైమ్‌లోనే పడింది. నువ్వు డ్యూటీలో ఉంటివి. ఫోన్ ల్యా, వంక పొంగి బస్సు ల్యా. మర్నాడు దాకా నువ్వు ఉండావో ల్యావో తెలీదు నాకు. ఆ పొద్దునుంచి ఆ గంట వస్తే సాలు, పట్టుకుంటాది ఈడ. దినమ్మూ నాలుగు నిమిషాలు ముందని నువ్వే సెప్తివి కదా పెళ్ళైన కొత్తలో. లెక్క పెట్టుకుంటా ఉంటి. ఈలేసేది ఆపి కొండల పక్క సూస్తా నిలబడితే పిల్లోళ్ళు నవ్వేవాళ్ళు."

ప్రమీల ఏడ్చింది. ఆటస్థలమని కూడా చూడకుండా అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి విడిపించుకోలేదు అతను. తిరిగి పట్టుకోనూ లేదు.

ఇంటికి రమ్మంది. వస్తాను, పిల్లల పోటీలు కానీ అన్నాడు. కోపమా అని అడిగితే లేదన్నాడు. నిజంగానే ముఖంలో కోపం లేదు. ఆమె సంచిలోంచి కడియం తీసింది. మళ్ళీ తొడుగుతానని కాదు, పారేద్దామని తెచ్చానంది. అతను దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి చూసి, తనే తొడుక్కున్నాడు.

"ఈ తూరి సరిగ్గా సూసుకో. మళ్ళా అనుమానమెందుకు నీకు."

పోటీలు అయిపోయాయి. పిల్లలు మొదటి ఆటలోనే ఓడి వచ్చారు. అన్నమాట ప్రకారం ఓబులేసు ఇంటికొచ్చాడు. ఉగ్గాని చేస్తే బాగుందన్నాడు. ఆమె జ్వరపడితే కషాయం కాచిచ్చాడు. సుగుణ క్షమించానని ఫోన్లో చెప్పింది కానీ తిరిగి రాలేదు. అంతా సర్దుకుందనే ప్రమీల అనుకుంది. ఒక డ్యూటీ వారం వెళ్ళొచ్చి, మళ్ళీ లోయకు బయల్దేరుతూ సంచి సర్దుకునేటప్పుడు అతని వేళాకోళం కోసం చెవులు రిక్కించి, జిప్పు రెండుసార్లు వేసి తీసింది. అతను వాకిట్లో ఆటో పిలిచి, జాగ్రత్త అన్నాడు. కడియం తీసి ఆమె చేతికిచ్చాడు.

లోయలో దాన్ని తగిలించింది. 'జాడ' ఒక్కొక్కటిగా తీసేస్తూ పోయింది. నడక పోయింది, ఊపిరి పోయింది, తిండీ నిద్రా పోయాయి. నక్షత్రం నడినెత్తికి వచ్చే గంట కోసం ఆమె వెతికింది. తను లోయలో ఉన్న రోజులు చూసింది, ఇంట్లో ఉన్న రోజులు చూసింది. గీత ఎక్కడా కదల్లేదు. ఒక చివర నుంచి ఇంకో చివరకు, తాడు లాగి పట్టినట్టు, తిన్నగా ఉంది.

భుజం మీదుగా చూసిన ఇక్బాల్ సంబరపడిపోయాడు. ఎన్నో గుండెలు చూశాం కానీ ఏ లాగుడూ లేని గుండె ఇదే మొదటిదన్నాడు. పల్సరైనా అంతేగా, తోడు లేనిదే మంచి గడియారమన్నాడు. దీన్నే కొలతగా పెట్టుకుందామన్నాడు.

"ఎవరిది మేడమ్ ఇది?"

పేర్లు చెప్పకూడదని నియమం ఉంది కదా అంది ప్రమీల.

బయట డిష్ మోటారు మోగింది. పల్సర్ నడినెత్తికి వచ్చే వేళయింది. వానలు వెనకబడి, కొండల మీద మబ్బు ఉరుముతోంది. ప్రమీల లేచి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఆమె అక్కడ కూర్చున్నట్టు ఆ గంటలో కదిరిలో ఏ గుండెకూ తెలియదు.